నూలు గుమ్మడిపండు

అక్టోబరు నెల చివరి దినము. ఐర్లండు, స్కాట్లండు, అమెరికా, కెనడా దేశములలో ఆనాటి సాయంకాలము వీధి వెంట నడచువారికి వింత దృశ్యము కనబడును. గుమ్మముల ముందు గుమ్మడిపండ్లు కూర్చుండి యుండును. వానికి కన్నులు, ముక్కు, కోరల నోరు చెక్కబడి, లోపల దీపము వెలుగుచుండును. కిటికీ అద్దముల వెనుక తెల్లని దయ్యములు, నల్లని గబ్బిలములు, సాలెగూళ్లు వ్రేలాడుచుండును. పిల్లలు మారువేషములు ధరించి ఇంటింటికిని పోయి మిఠాయి అడుగుదురు. ఈ పండుగ పేరు హాలోవీన్.

ఈ అలంకారములలో అధికభాగము నేడు అంగడి నుండి వచ్చునవే. ప్లాస్టికు దయ్యము ఒక రాత్రి నవ్వించి, మరునాడు చెత్తబుట్ట చేరును. కాని కొన్ని ఇండ్లలో సెప్టెంబరు నాటికే ఒక మూల కుర్చీలో దారపు ఉండ యొకటి, కొక్కెపు సూది యొకటి కనబడును. నారింజరంగు దారముతో గుమ్మడిపండు, తెల్లదారముతో దయ్యము, నల్లదారముతో సాలెగూడు అల్లి, ఏటేట అవే తీసి అలంకరింతురు. ఆ అల్లిక పేరు క్రోషే. మన గోదావరి తీరమున ‘లేసు అల్లిక’ అని పిలుచునది దాని తోబుట్టువే.

ఆటవస్తువును గురించి ఇంత ప్రస్తావన ఎందుకని పాఠకులు అడుగవచ్చును. అరచేతిలో ఇమిడిపోవు ఆ నూలు పండులో ఒక దేశపు కరువు కథ, ఒక లెక్కల పాఠము, చేతిపని వెలను గూర్చిన ఒక ప్రశ్న దాగియున్నవి. ఒక్కొక్కటిగా విప్పి చూతము.

పండుగ నడచిన దారి

హాలోవీన్ అను మాటకు పునీతుల పండుగకు ముందటి సాయంత్రమని అర్థము. నవంబరు 1వ తేదీ క్రైస్తవులకు సకల పునీతుల మహోత్సవము. 2వ తేదీ మృతుల ఆత్మలను స్మరించు దినము. అంతకు పూర్వమే ఐర్లండు, స్కాట్లండులలోని గేలిక్ ప్రజలు ఇదే కాలమున ‘సావిన్’ అను పండుగ జరుపుకొనుచుండిరి. పంటకోతలు ముగిసి, కొండలపై మేతకు పోయిన పశువులు ఇల్లు చేరి, చలికాలము మొదలగు సంధిదినమది. ఆ రాత్రి ఈ లోకమునకును పరలోకమునకును నడుమనున్న తెర పలుచబడునని వారి నమ్మిక.

ఐర్లండులో మొదట దీపమునకై తొలిచినది గుమ్మడిపండు కాదు, టర్నిప్ అను దుంప. ఆ గట్టి దుంపను తొలిచి, వికృతమైన ముఖము చెక్కి, లోపల నిప్పుకణికనో క్రొవ్వొత్తినో ఉంచెడివారు. మేయో మండలమున గ్రామీణ జీవనమును చూపు జాతీయ ప్రదర్శనశాల యొకటి కలదు. డోనిగాల్ ప్రాంతపు దుంప దీపమునకు పోతపోసిన ప్రతిరూపము అందున్నది. దానిని చూచినవారికి నేటి గుమ్మడి నవ్వు మిక్కిలి సౌమ్యముగా తోచును.

1845లో ఐర్లండున ఆలుగడ్డ పంటకు తెగులు సోకినది. పేదవారి ప్రధానాహారము అదియే. 1852 వరకు సాగిన ఆ కరువులో సుమారు పది లక్షల మంది మరణించిరి. పది లక్షలకు మించిన జనులు దేశము విడిచిపోయిరి. వారిలో పెక్కురు అమెరికా తీరము చేరిరి. ఇంటి పండుగ కూడ వారి వెంట ఓడ యెక్కినది. అక్కడ దుంపకంటె పెద్దదై, తొలుచుటకు సులువైన గుమ్మడి దొరికినది. గుమ్మడి అమెరికా ఖండమున పుట్టిన పంటయే. అది మొదలు దుంపదీపము వెనుకబడి, గుమ్మడిదీపము ముందుకు వచ్చినది.

సూది నడచిన దారి

క్రోషే అనగా ఫ్రెంచి భాషలో చిన్న కొక్కెము. ఒక దారము, ఒక కొక్కెపు సూది, ఉచ్చులో నుండి మరియొక ఉచ్చును లాగుట, ఈ విద్య యంతయు ఇంతే. 1820ల నాటికి డచ్చి పత్రికలో దీని నమూనాలు అచ్చుపడినవి. 1840ల నాటికి ఇంగ్లండున దీనిని నేర్పు పుస్తకములు విరివిగా వెలువడినవి. అంతవరకు ఇది తీరిక గల గృహముల వినోదము.

దీనిని కూడు పెట్టు విద్యగా మార్చినది ఐర్లండు కరువే. సన్యాసినుల మఠములలో బాలికలకు ఈ అల్లిక నేర్పిరి. మోనహన్ మండలమున క్లోన్స్ అను ఊరిలో మతాచార్యుని భార్యయైన కసాండ్రా హ్యాండ్ 1847లో ఒక ఉపాధ్యాయురాలిని రప్పించి పేద కుటుంబములకు నేర్పించెను. వెనిసు నగరపు సూదిలేసు మిగుల ఖరీదైనది, దానిని చేయుటకు మిక్కిలి కాలము పట్టును. కొక్కెపు సూదితో అటువంటి అందమునే త్వరగా సాధింపవచ్చునని ఐరిష్ స్త్రీలు గ్రహించిరి. గులాబి, మూడాకుల షామ్‌రాక్ మొదలగు ఆకృతులను ఒక్కొక్కరు ఒక్కొక్కటిగా అల్లెడివారు. వేరొకరు వానినన్నిటిని సన్నని వలతో కలిపి ఒక కంఠాభరణముగనో రవికెగనో రూపొందించెడివారు. ధనికుల దుస్తులపై మెరసిన ఆ లేసు, పల్లెలలో పొయ్యి వెలిగించినది.

కనుక హాలోవీన్ నాడు కిటికీలో కూర్చున్న నూలు గుమ్మడిలో రెండు దారులు కలిసినవి. పండుగ ఐర్లండు నుండి వచ్చినది. సూది అక్కడ పుట్టినది కాకపోయినను, ఆకలి వేళ అన్నము పెట్టినది అక్కడనే.

గుమ్మడిని అల్లు విధము

ఇప్పుడు సూది చేతబట్టుదము. కావలసినవి మధ్యరకపు లావు గల నారింజరంగు దారము, 4 మిల్లీమీటర్ల కొక్కెపు సూది, కొంచెము దూది, పెద్ద కన్ను గల కుట్టుసూది, తొడిమకు ఆకుపచ్చ లేదా గోధుమరంగు దారము.

నేర్వవలసిన కుట్లు రెండే. మొదటిది గొలుసుకుట్టు. సూదిమీది ఉచ్చులోనుండి దారమును కొక్కెముతో లాగినచో ఒక గొలుసుకుట్టు అగును. రెండవది పొట్టికుట్టు. క్రింది వరుసలోని కుట్టు తలలో సూది దూర్చి దారమును లాగవలెను. అప్పుడు సూదిమీద రెండు ఉచ్చులుండును. మరల దారము పట్టి ఆ రెండింటిలో నుండియు ఒక్కసారి లాగినచో పొట్టికుట్టు పూర్తియగును. అచ్చు నమూనాలు చూచి నేర్చుకొనువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఈ కుట్టునే అమెరికావారు ‘సింగిల్ క్రోషే’ అందురు, బ్రిటనువారు ‘డబుల్ క్రోషే’ అందురు. నమూనా ఏ దేశపుదో తెలియకున్నచో గుమ్మడి సొరకాయ కాగలదు.

రెండు గొలుసుకుట్లు వేసి, సూదినుండి రెండవ దానిలోనే ఆరు పొట్టికుట్లు వేయుడు. ఇది మొదటి వరుస. రెండవ వరుసలో ప్రతి కుట్టులోను రెండేసి వేసినచో 12 అగును. మూడవ వరుసలో ఒకదానిలో ఒకటి, మరియొకదానిలో రెండు చొప్పున వేసినచో 18. ఈ తీరున వరుసకు ఆరేసి పెంచుచు 24, 30, 36 వరకు పోవలెను. వరుసలు సుడిగా సాగును గనుక, ప్రతి వరుస మొదటి కుట్టునకు వేరురంగు దారపు ముక్క గుర్తుగా కట్టుకొనుట మంచిది. పిదప పెంపక, తగ్గింపక, 36 కుట్లతో తొమ్మిది వరుసలు అల్లవలెను. అప్పటికి చిన్న గిన్నె ఆకారము వచ్చును.

తరువాత తగ్గింపు. రెండు కుట్లనుండి ఒక్కొక్క ఉచ్చు లాగి, సూదిమీది మూడు ఉచ్చులను ఒక్కసారిగా దాటించినచో రెండు కుట్లు ఒకటి యగును. వరుసకు ఆరు చోట్ల ఇట్లు చేయుచు 30, 24, 18, 12 వరకు దిగవలెను. నోరు మూసుకొనుటకు ముందే దూది కూర్చి, చివరి 6 కుట్లు వేసి ముడివేయవలెను. పిమ్మట కుట్టుసూదిలో పొడవైన దారము ఎక్కించి, అడుగు నడుమనుండి పై నడుమకు పొడిచి, దారమును బయటినుండి త్రిప్పి మరల అడుగునకు తెచ్చి గట్టిగా బిగించుడు. ఇట్లు ఆరు లేక ఎనిమిది పర్యాయములు చేసినచో గుమ్మడి చారలు ఏర్పడును. తొడిమను చిన్న గొట్టముగా అల్లి పైన కుట్టినచో, చిన్న నారింజపండంత గుమ్మడి సిద్ధము. లోపల దూది కూర్చి ఇట్లు గుండ్రముగా అల్లు బొమ్మలకు జపానువారు ‘అమిగురుమి’ అని పేరుపెట్టిరి. నేడు అల్లికవారందరికి ఆ మాట పరిచితము.

దయ్యము ఇంతకంటెను సులువు. తెల్లదారముతో 24 కుట్ల వరకు పెంచి, పది వరుసలు తిన్నగా అల్లి, చివరి వరుసలో ఒక్కొక్క కుట్టులో మూడేసి వేయుడు. అంచు కుచ్చెళ్లవలె అలలు తీరును. తల భాగమున దూది ఉండ పెట్టి, నల్లదారముతో రెండు కన్నులు కుట్టినచో పిల్లలకు భయము బదులు నవ్వు వచ్చును.

సాలెగూటికి నిలువుకుట్టు కావలెను. సూదికి ముందుగా దారము ఒక చుట్టు చుట్టుకొని, కుట్టులో దూర్చి లాగి, మూడు ఉచ్చులను రెండేసి చొప్పున రెండు మారులు దాటించుటయే నిలువుకుట్టు. ఆరు గొలుసుకుట్లను వలయముగా కలిపి, అందులో ఎనిమిది నిలువుకుట్లు, నడుమ రెండేసి గొలుసుకుట్లు వేయవలెను. పై వరుసలలో నిలువుకుట్టు మీద నిలువుకుట్టు వేయుచు, నడుమ గొలుసులను 4, 6, 8గా పెంచుకొనుచు పోయినచో ఎనిమిది ఆకుల చక్రమువంటి గూడు ఏర్పడును.

ఒక హెచ్చరిక. దారము అంటుకొను వస్తువు. నూలు గుమ్మడి దగ్గర క్రొవ్వొత్తి గాని ప్రమిద గాని ఉంచరాదు. వెలుగు కావలెనన్నచో చిన్న బ్యాటరీ దీపము చాలును.

లెక్కల పాఠము

వరుసకు ఆరే ఎందుకు పెంచవలెను? ఐదు ఎందుకు కాదు? పది ఎందుకు కాదు? ఈ ప్రశ్న తరగతిలో అడుగదగినది. ఒక వరుస చేరినప్పుడు వృత్తపు వ్యాసార్ధము ఒక కుట్టు ఎత్తు మేర పెరుగును. పరిధి వ్యాసార్ధమునకు 2π రెట్లు, అనగా సుమారు 6.28 రెట్లు. కుట్టు ఎత్తును వెడల్పును ఇంచుమించు సమానమైనచో, వరుసకు ఆరు కుట్లు చేర్చిననే వృత్తము చదునుగా పరచుకొనును. తక్కువ చేర్చినచో అంచు బిగిసి గిన్నె యగును. ఎక్కువ చేర్చినచో అంచునకు చోటు చాలక అలలు లేచును. మన గుమ్మడి నడుము గిన్నె యగుటకును, దయ్యపు అంచు కుచ్చెళ్లు తీరుటకును కారణమిదియే. π విలువ తెలియని అమ్మమ్మలు వ్రేళ్లతో దానిని లెక్కించుచునే యున్నారు.

ఈ అలల అంచు పెద్ద గణితమునకు దారి తీసినది. యూక్లిడు రేఖాగణితమునకు లోబడని హైపర్బోలిక్ తలమును విద్యార్థులకు కాగితముతో చేసి చూపుట కష్టము, కాగితపు నమూనాలు త్వరగా చినిగిపోవును. లాట్వియా దేశమున జన్మించి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున బోధించిన డైనా టైమినా, 1997లో దానిని కొక్కెపు సూదితో అల్లి చూపినది. వరుసవరుసకు ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుటయే ఆమె పద్ధతి. చేతబట్టి మడిచి చూడదగిన రూపము ఆ తలమునకు అట్లు లభించినది.

ఐదువందల నలువది

మన గుమ్మడిలో ఎన్ని కుట్లున్నవో లెక్కింతము. పెంచిన వరుసలలో 6, 12, 18, 24, 30, 36 కలిసి 126. తిన్నని తొమ్మిది వరుసలలో 324. తగ్గించిన వరుసలలో 30, 24, 18, 12, 6 కలిసి 90. మొత్తము 540. నిమిషమునకు పది కుట్లు వేయువారికి తొడిమను, చారలను విడిచియే 54 నిమిషములు పట్టును. క్రొత్తగా నేర్చువారికి ఒక సాయంకాలమంతయు చెల్లును.

యంత్రముతో చేయరాదా అని అడుగుదురేమో. జోడుసూదుల అల్లికకు 1589 నాటికే ఇంగ్లండున విలియం లీ యంత్రము కల్పించెను. అందు వరుసలోని ఉచ్చులన్నియు ఒకేసారి సూదులపై నిలిచియుండును గనుక, యంత్రము వానిని బారుగా నడిపింపగలదు. క్రోషేలో అట్లు కాదు. ఏ క్షణమునందైనను సాధారణముగా ఒకే ఉచ్చు సూదిపై నుండును. తరువాతి కుట్టు అల్లిన వస్త్రములో ఏ చోట దూరవలెనో కన్ను చూచి, వ్రేలు తడిమి నిర్ణయించును. ప్రయోగశాలలలో యత్నములు జరుగుచున్నను, చేతి క్రోషేను యథాతథముగా విరివిగా తయారుచేయు యంత్రము నేటికిని అంగడి పనికి అందలేదు. క్రోషే వలె కనబడు యంత్రపు అల్లికలు కలవు గాని, వాని కట్టు వేరు.

దీని భావమేమి? అంగడిలో నిజమైన క్రోషే గుమ్మడి ఎంత చౌకగా కనబడినను, దానిలోని ప్రతి కుట్టును ఎవరో ఒకరు చేతితో వేసినదే. వెల తక్కువైనంతమాత్రమున కుట్లు తక్కువ కాలేదు. తగ్గినది వేసిన చేతికి దక్కిన కూలి కావచ్చును. ఈ మాట ఒక్క గుమ్మడిని అల్లినవారికి బోధపడినట్లు మరెవ్వరికిని బోధపడదు.

తెలుగువారికి ఈ ప్రశ్న దూరదేశపుది కాదు. ఐర్లండులో క్రోషే బ్రతుకుతెరువైన కాలముననే, 19వ శతాబ్ది మధ్యభాగమున, మిషనరీల ద్వారా ఈ అల్లిక నరసాపురము ప్రాంతమునకు వచ్చినది. పశ్చిమ గోదావరి గ్రామములలో అరుగులమీద, వాకిళ్లలో కూర్చుండి స్త్రీలు తరతరములుగా లేసు అల్లుచున్నారు. అక్కడను పని పంచుకొనబడినది. ఆకృతులను అల్లుట చేతిపని, వానిని కలుపుట అతుకుపని. క్లోన్స్ స్త్రీలు గులాబులను, వలను పంచుకొన్నట్లే ఇది. ఆ లేసు సముద్రములు దాటి పరదేశపు బల్లలను, కిటికీలను అలంకరించినది.

జర్మను సమాజశాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురపు లేసు పనివారిని గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రచురించెను. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లుచున్నను, ఆ స్త్రీలను పనివారుగా గాక ఇంటిపట్టున తీరిక వేళ గడుపు గృహిణులుగానే లెక్కించుచుండిరని ఆమె వ్రాసినది. తీరిక అను పేరు పెట్టినచో కూలి తగ్గించుట సులువగును. 2024లో నరసాపురము క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. అది సంతోషింపదగిన సంగతి. ఊరి పేరునకు గౌరవము దక్కినది గనుక, ఇక ఊరి చేతులకు తగిన వెల దక్కినదా అని అడుగుట కొన్నవారి వంతు.

తరగతి గదిలో

మన బడులలో హాలోవీన్ జరుపవలసిన అగత్యము లేదు. ఆ గుమ్మడిని అల్లిన చేతికి వంకాయ, టమాటా, నిమ్మపండు అల్లుట కష్టము కాదు. సంక్రాంతి బొమ్మల కొలువులో ఒక మెట్టు వానితో నింపవచ్చును. పిల్లలు పని మొదలుపెట్టిన వేళయు ముగించిన వేళయు పలకపై వ్రాసియుంచి, కుట్లు లెక్కించి, ఆ కాలమునకు ఎంత కూలి న్యాయమో తరగతిలో చర్చింపవచ్చును. బాలురను ఈ పని నుండి తప్పింపరాదు. సూదికి స్త్రీపురుష భేదము తెలియదు. ఇంటిలో నాయనమ్మకో పెద్దమ్మకో లేసు పని వచ్చియున్నచో, ఆమెను ఒకనాడు బడికి పిలిచి పీట వేయుడు. తన చేతి విద్య పాఠమగుట ఆమె ఏనాడును ఊహించి యుండదు.

క్రోషేకు మరియొక గుణము కలదు. సూదిమీది ఒక్క ఉచ్చును వదలి దారము లాగినచో, తప్పుపోయిన చోటు వరకు అల్లిక నిశ్శబ్దముగా విడివడును. దారము చెడదు. మరల అక్కడినుండి అల్లుకొనవచ్చును. మొదటి గుమ్మడి వంకరపోయిన పిల్లవానికి ఈ సంగతి చెప్పుట మరువకుడు. వాడు విప్పి, ఉండ చుట్టి, మరల ఆరు కుట్లతో మొదలుపెట్టును. ఆ సాయంకాలము తరువాత, అంగడిలో అల్లిన బొమ్మ కనబడినప్పుడు వాడు వెల చీటీ చూచుటకు ముందు కుట్లు లెక్కపెట్టును.